మల్కపల్లి, డ్యూసెల్‌డోర్ఫ్

(గల్ఫ్ దేశం. రాస్ లఫాన్ ప్లాంటు నుంచి అల్ ఖోర్ లేబర్ క్యాంపుకు పోయే డ్యూటీ బస్సు. ఒకే ఊరి దోస్తులు జలంధర్, నర్సింలు.)

"ఈడ కూసోకు. పోయి నీ జర్మనీ సారు పక్కల కూసో."

"ఏందిరా జలంధర్, వారం సంది మూతి ముడుచుకునుడేంది?"

"సార్లతోని చాయ్ తాగేటోనివి. నాతోని నీకేం మాటలు!"

"ఒక్క చాయ్‌రా! ఊరి పేరు అడిగిండు, మల్కపల్లి అన్న. పల్లి అంటే ఊరని వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతోని చెప్పిన. ఎగిరి గంతేసిండు. ఆయనది డ్యూసెల్‌డోర్ఫట. డ్యూసెల్ వాగు పేరు, డోర్ఫ్ అంటే ఊరు."

"అయితే నాకేంది?"

"ఇను. ఆడనే ఉన్న హాలండు సారు మా దిక్కు డోర్ప్ అంటమన్నడు. స్వీడన్ సారు టోర్ప్ అన్నడు. ఇప్పుడైతే చిన్న గుడిసెను గూడ అట్లనే అంటరట. ఇంగ్లీషోళ్ల కొన్ని ఊర్ల పేర్లల్ల థోర్ప్ అని ఉంటదట. ఆ నాలుగు మాటలు ఒక్క తల్లి పిల్లలే అని ముగ్గురు ఒకటే నవ్వుడు."

"నవ్వుతరు, ఎందుకు నవ్వరు? మల్కపల్లి నీ ఒక్కని జాగీరా? నాది గాదా? నిన్ను ఏసీ రూంల టూల్స్ ఇచ్చే పనిల పెడ్తరట. నేను గీ ఎండల పైపులు మోసుకుంట సావాలె. నా కడుపు మండిపోయింది నర్సింలు, ఉన్నమాట చెప్తున్న."

"అరె, నీ సంగతి గూడ నేను..."

"ఆగు, చెప్పనియ్. నిన్న ఆ జర్మనీ సారు నన్ను ఆపిండు. నర్సింలుది నీది ఒకటే ఊరా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఏదో అన్న."

"జలంధర్, ఏమన్నవ్?"

"కాదన్న. నర్సింలు ఎవరో నాకు తెల్వదన్న. వాడు చెప్పేటివన్నీ అబద్ధాలే అన్న. సరేనా? ఇగ తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

"తిట్ట."

"ఎందుకు తిట్టవ్? నీ పని పోలేదా?"

"పోలే. పాస్‌పోర్ట్ చూపించిన. అండ్ల ఊరి పేరుంది గద."

"మరింకేం! పో, ఏసీల సల్లగ కూసో."

"ఆ రూంకు ఒకలు గాదురా, ఇద్దరు గావాలె. ఒకలు ఛుట్టీ మీద ఊరికి పోతే ఇంకొకలు చూసుకోవాలె, ఒకే ఊరోళ్లయితే నమ్మకం అన్నడు సారు. వారం కిందనే నీ పేరు రాయించిన. ఇయ్యాల పొద్దుగాల నా ముంగటనే ఆ పేరు కొట్టేసిండు."