మందు కొడుతున్నాడమ్మా

హలో… ఆ, నేనే. పెట్టెయ్యకు. నీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్యకు.

షాపు సెల్‌ఫోనిది. నా నంబరైతే ఎత్తడం లేదు కదా… తెలుసు. పొద్దున్నించీ చేస్తూనే ఉన్నాను.

పిల్ల ఏం చేస్తోంది? … తిందా? … సరే. అడగనులే.

ఒక్క మాట విను, తర్వాత నీ ఇష్టం. నేను తాగలేదు.

…

నవ్వకు. పిల్ల అడుగులు వెయ్యడం మొదలుపెట్టినప్పటినుంచీ చుక్క ముట్టలేదు నేను. నీకు తెలియదా?

— రాత్రి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఒప్పుకుంటాను.

— తూలాను. అదీ నిజమే. గుమ్మం పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణి.

— వాసనా… వచ్చింది. రాలేదని ఎవరన్నారు? అదే చెప్పనీ.

నిన్న షాపుకి పాలిష్ కోసం ఒక వ్యాను వచ్చింది, నల్లది, ఏనుగంత ఉంది. పాలిష్ అయ్యాక దాని మీద పూత పెట్టాలి. గాజులా గట్టిపడుతుంది, ఆ పూత. ముందు పాలిష్ జిడ్డంతా తుడిచెయ్యకపోతే అంటుకోదు. ఆ తుడవడానికి ఆల్కహాలు వాడతాం. ఐసోప్రొపైల్ అని… కాదు, కాదు, తాగేది కాదు. అది తాగితే ఆసుపత్రి పాలే. సగం నీళ్ళు కలిపి, స్ప్రే సీసాలో పోసి జల్లుతాం, మెత్తటి గుడ్డతో తుడుస్తాం. నీకు సూది వేసేముందు దూదితో రాస్తారు చూడు, చల్లగా… ఆ, ఆ వాసనే.

— తలెందుకు తిరిగిందంటే, దుమ్ము పడకూడదని షట్టరు దించేశాను. ఫ్యాను వేస్తే దుమ్ము లేస్తుందని అదీ కట్టేశాను. తుడుస్తూ తుడుస్తూ ఉంటే ఆ ఆల్కహాలు డబ్బా కాలికి తగిలి బోర్లా పడింది. ఎత్తబోతే మిగిలింది నా మీద ఒలికింది.

… 

అవును. ఒలికింది.

— జ్ఞాపకముంది. ఆ పెళ్ళిలో తాగి, పక్కవాడు నా మీద ఒలకబోశాడన్నాను. ఇంకోసారి దగ్గు మందన్నాను. అన్నీ జ్ఞాపకమున్నాయి. కానీ నిజంగా మీద ఒలికినవాడు ఏమనాలో నువ్వే చెప్పు. ఒలికిందనే కదా అనాలి? నాకు వేరే మాట రాదే.

వెనక ఎవరు? … మీ అన్నయ్యా? పెట్టెయ్యమంటున్నారా? బావగారితో నేను మాట్లాడనా? … వద్దులే. ఆయన మంచికే చెబుతారు.

ఏంటీ?

నిన్న షాపుకి ఫోన్ చేశావా? నాకెవరూ చెప్పలేదే. … ఎవరెత్తారు? … పెయింటరా? నా పక్క గదిలో పనిచేసేవాడేనా, గొంతు బొంగురుగా ఉంటుంది? … ఏమన్నాడు?

…

మళ్ళీ చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.

'మందు కొడుతున్నాడమ్మా, అయ్యాక మాట్లాడతాడు' అన్నాడా?

అయ్యో.

అయ్యో, అయ్యో… నవ్వట్లేదు నేను. ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. వాడు చెప్పింది నిజమే! ఇక్కడ అన్నీ మందులే. టైర్లకి మందు, సీట్లకి మందు, అద్దాలకి మందు. చేలో పురుగుమందు కొట్టరూ? అలాగ, బండికి మందు కొడుతున్నానని వాడి ఉద్దేశం. నువ్వేమో…

— నువ్వేమనుకుంటావు మరి. నిజమే. నీ స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు. ఆ మాట విని ఇంట్లో కూర్చున్నావు, నేనేమో ఆ కళ్ళతో, ఆ వాసనతో, తూలుకుంటూ వచ్చాను.

— వాడికి ఫోనిమ్మంటే ఎలా? ఇవాళ షాపు సెలవు. పూత ఆరిందో లేదో చూడాలని తాళంచెవి నాకిచ్చారు.

— అవును, ఇప్పుడు వాణ్ణి పట్టుకొచ్చినా నేను నేర్పించి పంపానంటావు. ఇంక నేనెవరిని తేను చెప్పు? దేని మీద ప్రమాణం చెయ్యను? పిల్ల మీద మాత్రం చెయ్యను. అలా చెయ్యనని నీకు మాటిచ్చాను.

…

ఉన్నావా?

…

ఏమన్నావు?

…

లేదు, వినపడింది. ఉన్నాను.

నిజమే. రేపు నేను నిజంగానే తాగి వచ్చినా నీకు తెలియదు. ఆ వాసనలో ఈ వాసన కలిసిపోతుంది.

ఒకటి చెప్తాను. ఇది చెబితే నువ్వు అసలే రావేమో. అయినా చెప్తాను.

నీకు ఇవాళ వచ్చిన ఆలోచన నాకు ఈ పనిలో చేరిన కొత్తలోనే వచ్చింది. ఒకరోజు నా చొక్కా నేనే వాసన చూసుకున్నాను. ఇంక నన్నెవరూ కనిపెట్టలేరు అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా. దొంగకి తలుపు తీసి పెట్టినట్టు… ఆ. సంతోషమే. ఆ తర్వాత ఒళ్ళంతా చెమట పట్టింది. అప్పట్నుంచీ ఆ బ్రాందీ కొట్టు ముందునుంచి రావడం మానేశాను. చెరువు గట్టు చుట్టూ తిరిగి ఇంటికొస్తున్నాను. ఎందుకింత ఆలస్యమవుతోందని రోజూ అడుగుతావే, అందుకు.

— ఎలా చెప్పను? చెబితే నాకు ఆ ఆలోచన వచ్చిందని నీకు తెలిసిపోదూ?

… 

ఇవాళా? ఇవాళ… వెళ్ళాను.

ఆగు, ఆగు, పూర్తిగా విను. లేచేసరికి ఇల్లు ఖాళీ. పిల్ల జడ రిబ్బను ఒకటి మంచం కింద పడుంది. ఎలాగూ తాగుబోతు పేరు వచ్చేసింది, ఇంక తాగితే పోయేదేముందని, ఆ కొట్టు దాకా వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలాయన సీసా పంచెలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. కొట్టువాడు నన్నడిగాడు, ఏం కావాలని. నోరు పెగల్లేదు. వెనకవాళ్ళు తిడుతున్నారు. అలాగే వెనక్కి తిరిగి ఇక్కడికొచ్చి, షట్టరు దించుకుని కూర్చున్నాను. లోపలుంటే మళ్ళీ వెళ్ళనని.

— తాగలేదు. నమ్మినా, నమ్మకపోయినా.

…

ఏడుస్తున్నావా? … సరే, ఏడవట్లేదు.

ఎక్కడంటే లోపలే, అన్నాను కదా. … ఆ, దించే ఉంది. … వాసన ఉంది మరి. నిన్న తుడిచిన గుడ్డలు బకెట్‌లో అలాగే ఉన్నాయి. తల పగిలిపోతోంది. అది ఏడ్చినందుకేమో.

కోప్పడకు. … లేస్తున్నాను. … లేస్తున్నానంటే! ఆగు, ఒంటి చేత్తో ఈ షట్టరు లేవదు, ఫోను కింద పెడతాను. ఉంటావుగా?

… 

హలో… ఉన్నావా? … హమ్మయ్య. బయటికొచ్చాను. మెట్టు మీద కూర్చున్నాను. … గాలి తగులుతోంది. … తల ఇంకా తిరుగుతోంది కానీ ఫరవాలేదు. ఊపిరి బాగానే ఆడుతోంది.

— తాగుతాను. సీసాలో ఉన్నాయి. … నీళ్ళేలే. ఇదిగో, తాగేసరికి గుటక వినపడిందా?

…

ఎవరొస్తారు? నువ్వా? ఇప్పుడా? … డాక్టరు దగ్గరికెందుకు, కాస్త గాలి… సరే. సరే, వెళ్దాం. నువ్వెలా అంటే అలా. బావగారు ఏమంటారు?

… 

పిల్లని తెస్తావా? … వద్దా.

— లేదు, నొచ్చుకోలేదు. నువ్వు చూసుకున్నాకే. నీకు నమ్మకం కుదిరాకే. రోజూ గుమ్మంలో నిలబెట్టి నోరు ఊదమన్నా ఊదుతాను, నాకు నామోషీ లేదు. బట్టలు ఇక్కడే మార్చుకుని వస్తాను. అదీ చాలదంటే పని మానేస్తాను.

— మానొద్దంటావా?

…

ఊఁ. … ఊఁ. … లేదు, లోపలికి వెళ్ళను. వ్యాను ఎక్కడికీ పోదులే. ఇక్కడే కూర్చుంటాను.

కాసేపు పెట్టెయ్యకు. మాట్లాడక్కర్లేదు. ఊరికే పట్టుకో.

…

చెప్పులు వేసుకుంటున్నావా? … వినపడుతోంది. 

… 

అది గేటు చప్పుడా? … వీధిలోకి వచ్చేశావా? లారీల మోత…

ఇంక పెట్టేస్తాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రోడ్డు దాటకు. చూసుకుని రా.