దాపటి సీటు

జహీరాబాద్ బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్లో, హైదరాబాద్ పోయే బస్సు కోసం అన్నదమ్ములిద్దరు కూచున్నారు. అన్న జగన్‌మోహన్ మొగుడంపల్లిలో అల్లం పండించే రైతు, తమ్ముడు మదన్‌మోహన్ సరుకు విమానాలు నడిపే పైలెటు. నిన్న సంత నుంచి వచ్చినప్పటి నుంచి తమ్ముడి మొహంలోకి చూడటం జగన్ వల్ల కావటం లేదు.

"మల్ల చెప్పు. నాకు సరిగ సమజ్ కాలే."

"ఎన్నిసార్లన్నా? మొన్న చేను గట్టు మీద చెప్పిన. రాత్రి బువ్వ కాడ చెప్పిన."

"ఇంకోసారి చెప్తే నోట్ల ముత్యాలేం రాలవు. చెప్పు."

"మా కంపెనీని బొంబాయి కంపెనీ కొంటున్నది. రెండూ ఒక్కటైతయి. ఒక్కటైనంక ఎవడు పెద్ద, ఎవడు చిన్న, గదే లొల్లి. బొంబాయోళ్ళేమో మా కెప్టెన్లు కెప్టెన్లే, మీ కెప్టెన్లంత కుడిపక్క కూసోని చిన్న పైలెట్లుగ పని చెయ్యాలె అంటున్నరు."

"కుడిపక్క కిటికీ లేదా?"

"నవ్వులాటనా అన్నా? నీ కర్రెద్దు ముచ్చట మొన్ననే చెప్తి గద. దాన్ని ఏ పక్క కడ్తవు?"

"దాపట. కోడెగ ఉన్నప్పటి సంది ఎడమదిక్కు దాపటనే."

"రేపు కుడిదిక్కు ఎలపట కట్టు, ఏం చేస్తదో చూడు."

"కాడి ఇసిరేస్తది. నాగలి గూడ ఇరుగుతది."

"మాక్కూడ గంతే. ఎడమపక్క కూసునేటోడే కెప్టెన్. నిన్న మొన్న లైసెన్సు వచ్చిన పోరడు ఎడమకు కూసుంటడు. అస్సాం కొండలల్ల, మబ్బుల, దించు అంటే దించాలె. వాడు తప్పని తెలిసినా సరే. పీటర్ ఉస్తాద్ ఉన్నడు, జపానోళ్ళతోని యుద్ధం అప్పుడు బర్మా మీద ఎగిరినోడు. ఆయన పోయి వాని కుడిపక్క కూసుంటడా?"

"మిషన్ కాంపౌండ్ పీటర్ బాయేనా?"

"ఇంకెవరు? నా చెయ్యి పట్టి డకోటా విమానం నడుపుడు నేర్పిందే ఆయన."

"మంచోడు పీటర్ బాయి."

"తువ్వాల ఎందుకు గట్ల పిసుకుతున్నవ్?"

"ఊకె. చాయ్ తాగు, సల్లారుతున్నది."

"తాగబుద్ధి కాలే."

"బువ్వ గూడ సగమే తింటున్నవట. మీ వదిన చెప్పింది. రాత్రంత దొడ్లె తిరుగుతవట, బర్రెలు బెదురుతున్నయట."

"బర్రెలకు చెప్పు, ఇయ్యాల్టి సంది హాయిగ పండమని. నేను పోతున్న గద."

"పోయి ఏం చేస్తవు?"

"రేపు ఆఖరి మాట. బలం మా దిక్కే ఉన్నదన్నా. బేగంపేటల నిలబెట్టిన విమానాలన్నీ బొంబాయికి ఎగిరించి అప్పజెప్తేనే వాళ్ళ కొనుగోలు పూర్తయితది. మేము ఎక్కకుంటే అవి ఉత్త రేకుడబ్బాలు. రేపటిదాక ఆగితే చాలు, వాళ్ళే దిగొస్తరు."

"ఆగుతరా అందరు?"

"అందుకే ఎవరి ఊళ్ళు వాళ్ళు పట్టినం. ఒంటిగ చిక్కితే ఒక్కొక్కనికి ఒక్కో ఆశ పెడ్తరు. కంపెనీతోని ఎవ్వరు మాట్లాడొద్దని ఒట్టు పెట్టుకున్నం. మాట్లాడేది నేనొక్కన్నే, అదిగూడ అందరి తరఫున. ఒక్కడు జారితే కట్టెలమోపు ఊడినట్టే."

"ఒకవేళ... నీ ఒక్కనికి ఎడమపక్క సీటు ఇస్తమంటే?"

"అననే అన్నరు, పోయిన నెల. వద్దన్న."

"వద్దన్నవా?"

"గట్ల అరుస్తవేంది? అందరు చూస్తున్నరు."

"నాకెందుకు చెప్పలే? ఒక్క మాట నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తీస్కోమంటవని చెప్పలే. నువ్వు ఇంట్ల పెద్దోనివి. నువ్వంటే నేను కాదనలేను."

"అయ్యో తమ్మీ."

"ఏమైందన్నా?"

"ఏం కాలే. గా పొద్దు నాకు చెప్పాల్సి ఉండె అంటున్న. ఊకెనే అంటున్న."

"అగో బస్సు."

"అది పట్నం పోయేది గాదు. పట్నం నుంచి వచ్చేది. కూసో."

"దిగుతున్నది ఎవరు... ఉస్తాద్! ఓ ఉస్తాద్! ఇటు!"

"పీటర్ బాయే?"

"ఆయనే. జర జరగు, కూసోనియ్యి. ఏంది ఉస్తాద్, ఎదురొచ్చినవ్? నేనే వస్తుంటి గద. చాయ్ చెప్తనా?"

"చాయ్ వద్దు మదన్. నీళ్ళియ్యి."

"రేపటికి అందరు వస్తున్నరా?"

"రేపు ఏం లేదు. అంత అయిపోయింది. రేపటి మాట కోసమని అందరు రాత్రే పట్నం చేరిన్రు, పొద్దుగాల సంతకాలు పెట్టిన్రు."

"దేనిమీద?"

"కరారు మీద. వాళ్ళు రాసినట్టే. నేను గూడ పెట్టిన."

"ఒట్టు పెట్టుకున్నం గద ఉస్తాద్!"

"నువ్వు ఒప్పుకున్నంక మేము ఆగి ఏం చేస్తం?"

"నేనా? ఎవడన్నడు?"

"బొంబాయి కంపెనీ మేనేజరు."

"వాని మాట నమ్మితిరా?"

"మొదలు ఎవ్వరం నమ్మలే. ఎల్లగొట్టినం. పోతపోత నవ్వుకుంట ఒక మాటన్నడు. 'జహీరాబాద్ సంతల మదన్ వాళ్ళన్న నా చెయ్యి మీద తువ్వాల కప్పిండు, లోపల వేలు పట్టుకున్నడు, గదేం రివాజో మీకన్న తెలుసా' అన్నడు."

"తువ్వాలనా?"

"బొంబాయోడు గది అల్లి చెప్పలేడు మదన్. చూసినోడే చెప్తడు. అందరు నా దిక్కు తిరిగిన్రు, మీ ఊరు గద, ఏంది దాని మతలబు అని. నేను చెప్పిన. తువ్వాల కింద చెయ్యి కలిసిందంటే బేరం తెగినట్టే, ఇగ తిరగదు. ఇంటి పెద్ద చెయ్యి ఇచ్చిండంటే ఇల్లంత ఇచ్చినట్టే అని. నేను గట్ల అన్నంకనే పెన్నులు తీసిన్రు."

"అన్నా, మేనేజరు సంతకు వచ్చిండా?"

"మొదలు ఇంటికే వచ్చిండు, కారేసుకోని. నువ్వు పండుకున్నవు. ఎన్ని దినాలకో కండ్లు మూసినవు. నేనే లేపనియ్యలే. సంత కాడ మాట్లాడుదమని తోల్కపోయిన."

"ఏం మాట్లాడినవ్?"

"పైస అడగలే తమ్మీ, దేవుని తోడు. నా తమ్ముడు దాపటెద్దు, దాపటనే ఉండాలె అన్న. పది మంది చూస్తుండిరి, అందుకే తువ్వాల కప్పిన. ఒక్క సీటు అని ఒక్క వేలు పట్టుకున్న. వాడు సరే అన్నడు."

"ఒక్క వేలా?"

"ఒక్కటే."

"మిగిలినోళ్ళు?"

"మిగిలినోళ్ళు నాకేం తెలుసురా? నాకున్న తమ్మునివి నువ్వొక్కనివే గద."

"ఉస్తాద్, మనం ఇప్పుడే పోదం. నాకు తెల్వకుండ అయిందని చెప్త. సంతకాలు రద్దు చేపిస్త."

"మేము సంతకాలు పెట్టినంక నీ మాట ఎవడింటడు? ఇప్పుడు వాళ్ళకు నీతోని పని లేదు. రేపు పొద్దుగాల విమానాలు బొంబాయికి లేస్తున్నయి."

"నేను ఎక్క."

"ఎక్కకుంటే ఎడమ సీట్ల వాళ్ళ పోరడు కూసుంటడు. దించేది గూడ వాడే. గందుకే నిన్ను తోల్కపోదమని వచ్చిన."

"పీటర్ బాయీ, నన్ను మాఫ్ చెయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"నువ్వేం చేసినవ్ జగన్? తమ్మున్ని చూసుకున్నవ్. అగో, పట్నం బస్సు హారన్ కొట్టె."

"జర ఆగు ఉస్తాద్. జర కూసోనియ్యి."

"రేపు కూసుందువు లే, కెప్టెన్ సాబ్. నీ కుడిపక్కకు నన్నే ఏసిన్రు."