తేనె మేత కార్డు

ఎడ్మంటన్‌లో పాములకూ బల్లులకూ వైద్యం చేసే క్లినిక్ ముందు ఆగి ఉన్న కారు. స్టీరింగ్ దగ్గర నిఖిల. ఆమె ఫోన్ అందుకుని డ్యూటీ బట్టలతోనే వచ్చి పక్క సీట్లో కూర్చున్న భర్త కొమరయ్య. లోపల వాళ్ళు పెంచుకునే ఆడ కొండచిలువ, పేరు తేనె. సాయంత్రం నాలుగున్నర.

"మళ్ళొక్కసారి చెప్పు నిక్కీ. డాక్టరమ్మ ఏమన్నది?"

"ఎన్నిసార్లు చెప్పను? తేనె కడుపులో గట్టిగా ఒక ఉండ తగులుతోంది. గుడ్డయితే కోసి తీసేస్తారు, బతుకుతుంది. కంతి అయితే ఇక లాభం లేదు, ఇంజెక్షనిచ్చి నిద్రపుచ్చడమే మేలు."

"స్కానింగ్ తియ్యలేదా?"

"తీశారు. తేలలేదంది. అందుకే ఒక్క మాట అడిగింది. ఈ ఏడాది దీన్ని మగపాముతో కలిపారా, గుడ్లు పెట్టిందా అని. ఐదింటిలోపు చెప్పమంది. ఆ తర్వాత మత్తిచ్చే ఆవిడ ఉండదట."

"నువ్వేం చెప్పినవ్?"

"మా ఆయన్ని అడిగి చెప్తానన్నా."

"నన్నెందుకు అడుగుడు? పోయినేడు ఏడు గుడ్లు పెట్టింది, ఈ ఏడు రెస్ట్ అని నువ్వే అంటివి. బేస్‌మెంట్ గోడ మీద కాగితం కూడా అంటించినవ్."

"అంటించే వెళ్ళా. డిసెంబర్‌లో వెళ్తే వీసా స్టాంపింగ్ అని హైదరాబాద్‌లో నాలుగున్నర నెలలు కూర్చోబెట్టారు. అన్ని నెలలూ ఆ బేస్‌మెంట్‌లో పన్నెండు కొండచిలువలు, నువ్వు. పాముల్ని అడగలేను కదా."

"నవ్వొస్తలేదు."

"నవ్వించాలని అనలేదు. కలిపావా?"

"లేదు. పో, చెప్పు పో డాక్టరమ్మకు."

"ఒకటి."

"ఏంది ఒకటి?"

"ఒకసారి అడిగా, ఒకసారి లేదన్నావ్. గుడ్లు లెక్కపెట్టి పెట్టి అలవాటయింది."

"నిక్కీ, నేను షిఫ్టు మధ్యల లేచొచ్చిన. సూపర్‌వైజర్‌కు మా ఇంట్లో పాముకు బాగలేదు అని చెప్తే మొఖం ఎట్ల పెట్టిండో తెలుసా?"

"తెలుసు. ఇది చూడు."

"ఇదేంది?"

"తేనె పెట్టెకు అంటించిన మేత కార్డు. డాక్టరమ్మ తెమ్మంది. ఏ వారం ఎలుక పెట్టాం, తిన్నదా, వదిలేసిందా, అన్నీ ఇందులో ఉండాలి కదా. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వారం వారం టిక్కు పెట్టావ్. ఒక్క వారం తప్పలేదు."

"మరి! నువ్వు చెప్పినట్లే చేసిన. పెట్టిన, తిన్నది, రాసిన."

"నేను వెళ్ళే ముందు తూచాను. పంతొమ్మిది వందల గ్రాములు. నిన్న తూచాను. పదమూడు వందల ఇరవై."

"కంతి అంటున్నవ్ కదా. కంతి ఉంటే ఒళ్ళు తగ్గదా? మా మేనత్తకు..."

"మీ మేనత్త సంగతి తర్వాత. ఈ టిక్కులు ఏ రంగులో ఉన్నాయి?"

"పచ్చ ఇంకు. అయితే?"

"మీ ప్లాంటు వాళ్ళిచ్చిన పెన్ను. సేఫ్టీ మీటింగ్‌లో ఇచ్చారని వీడియో కాల్‌లో చూపించావ్, గుర్తుందా? కెమెరా ముందు పెట్టి, మూత తీసి, అరచేతి మీద నా పేరు రాశావ్. అది మార్చిలో. మార్చిలో వచ్చిన పెన్నుతో డిసెంబర్ టిక్కులు ఎలా పెట్టావ్? పెట్టిన, తిన్నది, రాసిన అన్నావ్ ఇప్పుడే."

"సరే. ఒక్కనాడే అన్నీ రాసిన. బద్ధకమయింది. నువ్వొచ్చి తిడతవని నువ్వు వచ్చే ముందురోజు కూర్చొని టిక్కులు పెట్టిన. తప్పే. కానీ మేత మటుకు పెట్టిన. కొన్ని వారాలు అది ముట్టలే."

"ఎన్ని వారాలు?"

"ఏమో. ఎనిమిదో, పదో."

"కడుపులో గుడ్లుంటే పాము మేత ముట్టదు."

"చలికాలం కూడా ముట్టదు. అదీ నువ్వే చెప్పినవ్."

"బాగా నేర్చుకున్నావ్. భైరవ పెట్టెలో వేశావా దాన్ని?"

"మళ్ళ గదే!"

"భైరవ నీ మగపాము. ముచ్చటపడి తెచ్చుకున్నావ్. దాని పిల్లల్ని నీ పేరు మీద పాముల ఎక్స్‌పోలో పెడతానన్నావ్. తేనె వద్దు, ఒక్క ఏడాది ఆగు అన్నా. సరే అన్నావ్."

"సరే అన్న. ఆగిన. ఆగకుంటే ఏమయితుండె? మన ఇంట్ల ఏ పామూ నాది కాదు కద. నీ తేనె, నీ పెట్టెలు, నీ కార్డులు. నేను ఫ్రీజర్ల ఎలుకలు తీసి కరగబెట్టేటోన్ని."

"ఎలుకలు కరగబెట్టేవాడివని నేనెప్పుడన్నా?"

"అనాల్నా?"

"తప్పు నాదే అనుకో. ఇంకోసారి పోట్లాడుకుందాం దాని మీద. ఇప్పుడు చెప్పు. ఏప్రిల్‌లో సస్కటూన్‌కి ఎందుకెళ్ళావ్?"

"మా దోస్తు వికాస్‌ను కలవనీకి. చెప్పిన కదా."

"ఐదున్నర గంటల దారి. పొద్దున ఏడింటికి బయల్దేరి మధ్యాహ్నం మూడింటికి చేరావట. అన్నం చల్లారిపోయిందని వాళ్ళావిడ ఇషిత నాతో నవ్వుతూ చెప్పింది. ముసలాయన్లా నడుపుకుంటూ వచ్చాడు మీ ఆయన అని."

"మంచు పడ్డది."

"ఆరోజు మంచు లేదు. గుడ్డు పెట్టిన గంటలోపు పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. తర్వాత తిరగబడినా, గట్టిగా కుదిపినా లోపల పిల్ల పోతుంది. అందుకే గుడ్లు తీసుకెళ్ళేవాడు అలాగే నడుపుతాడు. నీకు నేర్పింది నేనే కదా. వికాస్ ఇంట్లో పొదిగే మెషీన్ ఉందని నాకు చెప్పింది నువ్వే."

"ఉంటే? ఆళ్ళ గెకో బల్లులకు ఉంటది."

"నాలుగూ నలభై అయిదు. కొమ్రూ, గుడ్లు పెట్టిందా?"

"లేదు."

"తేనె మీద ఒట్టెయ్."

"తేనె మీద ఒట్టు. సరేనా?"

"రెండు."

"నువ్వు నన్ను పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్. పెండ్లాం అడిగినట్లు లేదు."

"పెళ్ళాం అడిగినట్టే అడుగుతా, విను. నేనీ ఊరొచ్చిన మొదటి చలికాలం ఇది నా అరచేతిలో పట్టేంత ఉండేది. రూంలో నేనూ, అదీ. క్లాసు నుంచి వచ్చేసరికి డబ్బాలోంచి తల బయటపెట్టి చూసేది. ఆకలికే చూసేది, నా మీద ప్రేమతో కాదు. తెలుసు నాకు. అయినా ఎదురుచూసే ప్రాణం ఒకటుందని ఇంటికొచ్చేదాన్ని. నువ్వు పరిచయమయ్యాక నిన్ను ముందు దానికే చూపించా."

"నా చెయ్యి కరిచింది."

"కరిచింది. నువ్వు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. లాగితే దాని పళ్ళు విరుగుతాయని అది వదిలేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నావ్. ఆ రోజే అనుకున్నా, వీడే అని."

"నిక్కీ..."

"నీ మీద కేకలు వెయ్యను. ఎక్స్‌పోలో పెట్టుకో, నీ పేరే రాసుకో. వికాస్‌తోనూ మాట్లాడను. పెట్టింది అను చాలు. పరుగెత్తుకెళ్ళి కోయమంటా. నాలుగూ యాభై మూడు. మూడోసారి అడుగుతున్నా. పెట్టిందా, కొమరయ్యా?"

"నిండు పేరు పెట్టి పిలుస్తున్నవ్."

"పెట్టిందా?"

"ఎన్నిసార్లు చెప్పాలె? అది కంతే నిక్కీ. నాకు తెలుసు. ఎందుకు దాన్ని కోయిస్తవ్, ఎందుకు బాధపెడతవ్? అంత ప్రేమ ఉంటే నొప్పి లేకుంటా పంపియ్. వేరేది తెచ్చుకుందాం. ఇంతకన్నా మంచిది."

"పంపించనా?"

"డాక్టరమ్మ కాగితమేదో ఇచ్చిందంటివి కదా సంతకానికి. ఇదేనా, ఈ మడత పెట్టింది?"

"అదే."

"పెట్టెయ్. టైమయితున్నది. ఇగో, పెన్ను."

"పచ్చ పెన్ను."

"ఏదైతే ఏంది. పెట్టు."

"చదివావా?"

"చదువుడెందుకు? నాకు చూడబుద్ధి అయితలేదు."

"మడత విప్పు. పైకి చదువు."

"'పేషెంట్, తేనె. బాల్ పైథాన్, ఆడది. ఆపరేషన్ ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు. లోపల ఇరుక్కుపోయిన గుడ్డు ఒకటి తీసినం...' నిక్కీ, ఇదేంది?"

"ఇంటికి పంపే కాగితం. లోపల హీటర్ కింద చుట్ట చుట్టుకుని పడుకుంది. బతుకుతుంది."

"మరి ఐదింటికల్లా అని..."

"ఐదింటి మాట నేను కల్పించిందే. గుడ్డని స్కానింగ్‌లో చూడగానే చెప్పింది డాక్టరమ్మ. దాని ప్రాణం మీదికొస్తే మాత్రం మా ఆయన అబద్ధమాడడు అన్నాన్నేను. మూడుసార్లు అడిగా, కొమరయ్యా. మూడోసారి నువ్వు పెన్ను చేతికిచ్చావ్."