చప్పుడు లేని ఇంజన్

ఉదయం ఎనిమిది. షెడ్డు తలుపు సగమే ఎత్తి ఉంది. లోపల ఒక అన్న, ఒక చెల్లెలు, ఆ ఇద్దరికంటే ఎక్కువ మర్యాద పొందుతున్న ఒక కారు.

"ఇంకోసారి తుడువు. బానెట్ అంచున నీ వేలిముద్రలున్నాయి."

"తుడిచానన్నయ్యా."

"మళ్ళీ తుడువు. రేసు జట్టు పెద్దాయన వచ్చేసరికి అద్దంలా ఉండాలి. అవునూ, ఆ చప్పుడు సంగతేం చేశావ్?"

"తీసేశాను."

"పూర్తిగానా?"

"పూర్తిగా. ఇంజన్ తిరుగుతుండగా చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది."

"అదీ! పదిరోజుల కిందట తాళం తిప్పితే వీధంతా నవ్వింది. టకటక టకటక, పాత కుట్టుమిషన్‌లాగా. ఎదురు షాపువాడు ప్యాంటు పట్టుకొచ్చి కాలు కుట్టిపెడతావా అన్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు."

"అప్పుడే చెప్పాను కదా. అవి ఫోర్జ్‌డ్ పిస్టన్లు. పోత పోసినవి కావు, లోహాన్ని అచ్చులో నొక్కి గట్టిపరిచి చేసినవి. వేడికి బాగా ఉబ్బుతాయి. అందుకని చుట్టూ కాస్త ఖాళీ వదిలి కడతాం. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ గోడలకి కొట్టుకుంటాయి, ఐదు నిమిషాలు తిరిగాక..."

"పాఠం చెప్పకు."

"...ఉబ్బి సర్దుకుంటాయి. ఆ చప్పుడు ఉంటేనే..."

"పాఠం వద్దన్నానా? చప్పుడు వద్దన్నాను, తీశావు. అంతే."

"ఎలా తీశానో అడగవా?"

"నాకెందుకు? తినేవాడికి పొయ్యి గొడవెందుకు?"

"పెద్దాయన బూస్టు రెట్టింపు చేసి నడిపిస్తారన్నావు. టర్బో అంత గాలి లోపలికి తోస్తే పిస్టన్ల మీద ఎంత దెబ్బ పడుతుందో... నువ్వు తెలుసుకుంటే మంచిదన్నయ్యా."

"ఏయ్ తొమ్మిదిన్నరా, నాకే చెప్పొచ్చావా?"

"అలా పిలవకు."

"ఏం, లెక్క తప్పా? వేళ్ళు పదున్నాయా నీకు?"

"బెల్టులో నా చెయ్యి ఉండగా తాళం తిప్పిందెవరు?"

"మళ్ళీ అదే పాట. తిప్పేవాడికేం తెలుస్తుంది? పెట్టినదానికి తెలియాలి."

"సరే, వదిలెయ్. కట్టింది నేనేనని పెద్దాయనతో చెప్తానన్నావు. అది గుర్తుందా?"

"అన్నానా?"

"అన్నావు. అమ్మ ముందే అన్నావు. వాళ్ళ జట్టులో ఇంజన్లు కట్టే మనిషి కావాలట, నిన్ను చేర్పిస్తానన్నావు. ఆ ఒక్క మాట మీద మూడు నెలలు దీని పక్కనే ఉన్నాను."

"నువ్వు ఏడుస్తుంటే అన్నాన్లే. ఆలోచించు. మొగుణ్ణి వదిలేసి వచ్చినదానివి. వేలు తెగినదానివి. నిన్ను ముందు నిలబెట్టి, ఇదిగోనండీ మా మేస్త్రి అంటే ఆయన నవ్వి కారెక్కడూ? అదే నేను కట్టానంటే నన్ను తీసుకుంటాడు."

"మరి నేను?"

"షెడ్డుంది కదా. ఊడ్చుకో. నూనె గుడ్డలు ఉతుక్కో. నీడ ఇచ్చాను, చాలదూ?"

"నాన్న పని నేర్పింది నాకన్నయ్యా."

"నేర్పి ఏం లాభం? పోతూ పోతూ షెడ్డు ఎవరి పేర రాశాడు? మనిషి ఎవరో, పనిమనిషి ఎవరో ఆయనకి తెలుసు."

చెల్లెలు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి అన్న వైపు తిరిగింది.

"ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు. ఇదే ఆఖరి మాటా?"

"ఆఖరిదీ ఇదే, మొదటిదీ ఇదే."

"చప్పుడు ఎలా తీశానో చెప్పనా? ఇంకోసారి అడగను."

"నోరు ముయ్యి, బయట కారాగింది. ఆ బల్ల మీద చెక్కపెట్టేంటి అడ్డంగా? తీసి లోపల పెట్టు."

"బరువుగా ఉంది. తర్వాత పెడతాను."

పెద్దాయన తల వంచుకుని లోపలికి వచ్చారు.

"రండి సార్, రండి! చెల్లీ, సార్‌కి కుర్చీ వెయ్యమ్మా."

"కుర్చీ వద్దు. వేడి చెయ్యలేదు కదా? చల్లగా ఉన్నప్పుడు వినాలనే పొద్దున్నే వచ్చాను."

"ముట్టుకోలేదు సార్. చెయ్యి పెట్టి చూడండి."

"ఊఁ. చల్లగానే ఉంది. ఎవరు కట్టారు?"

"నేనే సార్. మీరు పంపిన పిస్టన్లు, రాడ్లు, అన్నీ ఫోర్జ్‌డ్. మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా ఈ చేతుల్తోనే."

"ఈ అమ్మాయి?"

"మా చెల్లెలు. నూనె గుడ్డలు ఉతుకుతుంది."

"సరే. తిప్పు తాళం."

"ఇదిగో సార్... విన్నారా? వెన్నలా లేదూ? చప్పుడే లేదు!"

"లేదు."

"మూడు నెలల కష్టం సార్."

"అదే అడుగుతున్నాను. చప్పుడేది?"

"లేదు కదా సార్. అదేగా గొప్ప..."

"ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసిన ఇంజన్ చల్లగా ఉంటే టకటకమనాల్సిందే. ఆపు. ఆపమన్నానా! ఈ పెట్టెలో ఏముంది?"

"ఏవో పాత సామాన్లు సార్, ఈ పిల్ల ఏదీ దాని చోట పెట్టి చావదు..."

"నాలుగు పిస్టన్లు. నాలుగు రాడ్లు. నేను పంపిన సెట్టు, నేను వేసిన గుర్తులు. ఇవి బల్ల మీదుంటే లోపల ఏమున్నాయి? కారుతో పాటు వచ్చిన పాత పోత పిస్టన్లేనా?"

"సార్, నాకు... అది..."

"నేను పెట్టే బూస్టుకి రెండో చుట్టులో అవి ముక్కలయ్యేవి. రాడ్డు ఇంజన్ని చీల్చుకుని బయటికొచ్చేది. సీట్లో ఎవరు కూర్చోబోతున్నారో తెలుసా? నా కొడుకు."

"నేను కాదు సార్! ఒట్టు, నేను కాదు! చెల్లీ, చెప్పమ్మా! నువ్వే కదా కట్టింది? మళ్ళీ విప్పి మార్చింది నువ్వే కదా? దీని ముందు నాకు పానా పట్టుకోవడం కూడా రాదు సార్! చెప్పవే, నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు!"

"నువ్వుండవయ్యా. అమ్మాయ్, అన్న ఎదురుగా ఉన్నాడని భయపడకు. నిజం చెప్పు. ఈ ఇంజన్ ఎవరు కట్టారు?"

"నాకేం తెలుసండీ, నూనె గుడ్డలు ఉతికేదాన్ని. మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా మా అన్నయ్యే."