సగం మాట మేడమ్

1996 జూలై ఒకటో తేదీన మా సంతాన సాఫల్య కేంద్రపు రక్తపరీక్షల గదిలో అడుగుపెట్టిన సీనియర్ టెక్నీషియన్ మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలినాళ్లలో వారిది సూది పని మాత్రమే. నరం దొరకని చేతుల్ని కూడా కబుర్లలో పెట్టి రక్తం తీసే వారి నేర్పును గమనించి, కొన్నేళ్లకు పెద్దలు హార్మోను పరీక్షల బల్ల అప్పగించారు.

పిండాన్ని గర్భంలో ఉంచాక చేసే తొలి పరీక్షలో గర్భపు హార్మోను కనబడితే అది ఆశ మాత్రమే. రెండు రోజుల తర్వాత ఆ అంకె ఇంచుమించు రెట్టింపైతేనే ఆ ఆశను కాస్త నమ్ముకోవచ్చు. ఇదంతా తెలిసీ, ఒకనాడు తొలి పరీక్ష ఫలితం కోసం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ ఒక దర్జీ గారి భార్య ముఖం చూడలేక, మేడమ్ గారు "పాజిటివేనమ్మా, ఇంట్లో చెప్పుకో" అనేశారు. ఆవిడ వీధి వీధంతా చెప్పుకుంది. రెండో పరీక్షలో అంకె సగానికి పడిపోయింది. ఆవిడ గొడవ పడలేదు.

"మీరు చెప్పకపోయినా పోయేదేనండీ. కాకపోతే మా అత్తకి ఇప్పుడు నేనే చెప్పుకోవాలి" అని వెళ్లిపోయింది.

నోరు జారిన ఆ క్షణాన్ని మేడమ్ గారు నేటికీ తలచుకుని నొచ్చుకుంటారు. అటుపైన తొలి పరీక్షకు ఎవరొచ్చినా, ఇది సగం మాటే, మిగతా సగం ఎల్లుండి అనడమే. బిల్లు కౌంటరు వాళ్లు 'సగం మాట మేడమ్' అని పేరు పెట్టి, భోజనానికి వస్తారా అంటే కూడా ఎల్లుండి చెబుతారా అని ఆటపట్టిస్తే, వారూ నవ్వేవారు.

తొలి రిపోర్టు మీద 'పాజిటివ్' తీసేసి 'రెండో పరీక్ష అవసరం' అని అచ్చు వేయించమని వారు ఏళ్ల తరబడి పైవారిని వేడుకున్నారు. శుభవార్త కోసం వచ్చినవాళ్ల చేతిలో అనుమానం పెట్టకూడదని పెద్దలు సెలవిచ్చారు. వీడ్కోలు సభకు హాలు, మైకు, ఈ సంచిక అన్నీ మంజూరయ్యాయి. ఆ ఒక్క వాక్యం తప్ప.

మొన్న తన కుర్చీలోకి రాబోయే అమ్మాయికి పని అప్పగిస్తూ, "కాగితం పాజిటివ్ అంటుంది. నువ్వు మాత్రం అనకు తల్లీ" అన్నారు.

"కాగితం మీదే ఉంటే నేనెలా కాదంటాను మేడమ్?"



వారు అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోయిన ఈ సంస్థలో పనిచేస్తున్న మేమంతా, వారు ఏనాడూ అడగని పూర్ణారోగ్యం, దీర్ఘాయువు, భర్తగారితో, మనవలతో తీరికైన సాయంత్రాలు వారికి నిండుగా దక్కాలని మనసారా కోరుకుంటున్నాం.