తడవని కర్ర

సుంకన్న మొదట్లో చెడ్డోడు కాదు. అది ముందే చెప్తాండా, తర్వాత మర్చిపోతారు. మారెక్కకు ఒక్కడే కొడుకు. గుట్ట కింద ఊరు వాళ్లది, ఊరి పక్కనే వంక, చిన్న ఏరు. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేదంట. వానలు రాక కరువు పడితే, అన్ని ఇళ్ల గింజలూ తెచ్చి ఒకే ఇంట్లో పోస్తారు. ఒక మనిషిని ఎంచి, పచ్చి వేపకర్ర నరికి వాని చేతికిస్తారు. ఇంక వాని మాటే మాట. ఎవరికెంత గంజి, ఎవరికెన్ని నీళ్లు, అన్నీ వాడే చెప్పాల. ఎదురు చెప్పినోనికి గంజి లేదు. ఎన్నాళ్లంటావా, వాన చినుకు పడి ఆ కర్ర తడిసేదాకా. కర్ర పట్టినోడు తడిసిన కర్రను తెచ్చి వాళ్లమ్మ పొయ్యిలోనే పెట్టి, ఆ మంటమీద ఊరందరికీ సంగటి వండాల. తడి కర్ర గదా, ఊరంతా పొగ కమ్ముకునేదంట. ఆ పొగకు కళ్లల్లో నీళ్లు కారతా ఉంటే నవ్వుకుంటా తినేవాళ్లంట.

ఆ ఏడు కర్ర సుంకన్నకిచ్చినారు. ఎందుకిచ్చినారంటే మంచోడని. బానే చేసినాడు కూడా. అందరూ తాగినాక మిగిలిందే తాగేవాడు. ముసలోళ్లకు తానే గంజి మోసుకొని పోయేవాడు. కరువు పోయేసరికి మనిషి చిక్కి సగమైనాడనుకో. అప్పుడు ఏమైందంటే, ఒకరోజు మధ్యాన్నం ఉరిమింది. తప్పెట మోగింది. ఊరంతా వాకిట్లోకొచ్చి నిలబడింది. సుంకన్న కర్ర పట్టుకొని గడప దాటినాడు. రెండు చినుకులు వాని భుజంమీద పడినాయి. ఇంట్లోనుంచి మారెక్క చూసింది. ఒరే, ఒంట్లో రక్తం లేదు, తడిస్తే జొరమొస్తాది, లోపలికి రారా, అనింది. ఏ తల్లయినా అదే అంటుంది గదా. సుంకన్న వెనక్కి తిరిగి చూరు కింద నిలబడినాడు. చేతిలో కర్ర చూసుకున్నాడు. పొడిగా ఉండాది. బయట జనాన్ని చూసినాడు. అందరూ వానినే చూస్తాండారు, వాడు ఏం చెప్తాడో అని. కర్రను వెనక్కి పెట్టుకొని, ఒక్క వానకే కరువు పోతుందా, ఇంకో వాన చూద్దాంలే అన్నాడు. పెద్దోళ్లు కూడా, నిజమేలే, మంచోడు, తెలిసే చెప్తాడు అనుకొని ఇళ్లకు పోయినారు.

ఇంకో వాన పడింది. మబ్బు పట్టినప్పటినుంచి వాడు బయటికే రాలేదు. ఆ పైవానకు కర్రకు తోలుసంచి కుట్టించినాడు. అప్పుడే ఎవరో మొదటిసారి వాన్ని సామీ అన్నారంట. ఎవరన్నారో తెలీదు. రెండోరోజుకు అందరూ అంటాండారు.

ఎల్లప్ప అని ఒక సేద్యగాడు, పసిబిడ్డ తండ్రి, విత్తనాలు అడగను పోయినాడు. నేల పదునారిపోతాంది సామీ, విత్తాల, అన్నాడు. కరువులో విత్తేదేందిరా, అన్నాడు సుంకన్న. వాన పడింది గదా సామీ. ఎవరు చెప్పినారు? ఎల్లప్ప తల తుడుచుకున్నాడు. తువ్వాలు పిండితే నీళ్లు కారినాయి. సుంకన్న పక్కనున్న ముసలాయన్ని అడిగినాడు, ఏం పెద్దాయనా, వాన పడిందా అని. ఆ ముసలాయన మీసాల్లోంచి నీళ్లు కారతాండాయి. యాడ పడింది సామీ, అన్నాడు. ఎవరూ నవ్వలేదంట. ఆ పొద్దునుంచి ఎల్లప్ప ఇంటికి గంజి లేదు. ఎవరూ పెట్టకూడదన్నాడు. ఎవరూ పెట్టలేదు.

మారెక్క పెట్టింది. కొంగు చాటున గిన్నె పెట్టుకొని పోయి ఆ బిడ్డకు తాపింది. సుంకన్నకు తెలిసింది. అరవలేదు, కొట్టలేదు. రేపటినుంచి నీకూ గంజి లేదమ్మా, అన్నాడు. నేను మీ అమ్మనురా, అనింది. కర్ర ముందర అమ్మేంది, అన్నాడు. ఎల్లప్ప బిడ్డ ఆ వారంలోనే పోయింది. గుంత తవ్వితే గుంత నిండా నీళ్లు. నీళ్లు తోడి పూడ్చినారు. ఆ నీళ్లు ఎక్కడివని ఎవరూ అనలేదు.

మారెక్క ఆకలికి ఏడవలేదు. వాడు నా పొయ్యికాడికి రావాల, ఆ కర్ర నా పొయ్యిలో పెట్టాల, అంతే నాకు, అనేదంట.

వంక గట్టు కోసుకుపోతాంది. బాగు చేసుకుంటామంటే, వాన లేనప్పుడు గట్టెందుకు అన్నాడు. తర్వాత వంక పొంగి ఊళ్లోకి రానే వచ్చింది. వంక వచ్చిందని చెప్పకూడదు గదా, గాలికి గుట్టమీదికి పోతాం సామీ అని చెప్పి పోయినారంట జనం. మారెక్క పోలేదు. మోకాలి లోతు నీళ్లలో కొడుకు వాకిట్లో నిలబడింది. బయటికి రారా, అనింది. వాడు తోలుసంచి రెండు చేతుల్తో ఎత్తి పట్టుకొని ఉండాడు. వాన పడతాందమ్మా, కర్ర తడుస్తాది, అన్నాడు. అన్ని దినాల్లో వాన పడతాందనే మాట వాని నోట రావడం అదే. తడవనీరా, అని చెయ్యి చాపింది. వాడు ఆ చెయ్యి చూసినాడు, కర్ర చూసినాడు. తలుపు మూసుకున్నాడు. ఆమె తలుపు కొడతా ఉంటే ఎల్లప్ప వచ్చి రెక్క పట్టుకొని ఈడ్చుకుపోయినాడు. బిడ్డ చచ్చినోడు. వాడే వచ్చినాడు.

నీళ్లు తీసినాక పోయి చూసినారు. సుంకన్న నేలమీద, బురదలో ఉండాడు. కర్ర మాత్రం పైన, దూలం సందులో దోపి ఉండాది. సంచి విప్పితే పొడిగా ఉండాది. అందరూ నిలబడి చూసినారు. మీసాల ముసలాయనే అన్నాడంట, తడవలేదు గదా, ఇప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాల గదా అని. ఇద్దరు ముగ్గురు గొంతు సవరించుకున్నారు. మారెక్క పోయి కర్ర తీసుకునింది. ఎవరూ అడ్డం రాలేదు. ఆమె పొయ్యి వంకలో కొట్టుకుపోయింది. గుట్టమీద మూడు రాళ్లు పెట్టింది. తక్కిన కట్టెలన్నీ పొగబెట్టినాయి గానీ అదొక్కటి చక్కగా అంటుకునిందంట. ఎండుకట్టె గదా. నానిపోయిన గింజలతోనే సంగటి చేసి అందరికీ పెట్టింది. మొదటి ముద్ద ఎల్లప్పకు. ఆమె తినలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో కర్ర పట్టుకున్నోడు కప్పు కింద ఉండకూడదంట. తిండి, నిద్ర అన్నీ ఆరుబయటే. అట్లయితే మాకొద్దంటాండారంట అందరూ. అది వాళ్ల సంగతి. చినుకు పడితే బిడ్డను లోపలికి పిలవకుండా నేనూ ఉండలేను. చేతిలో ఏముందో చూసి పిలుస్తా, అంతే.