అమ్మని తూర్పుకి పొయ్యాలి

కొలరాడోలో రాకీ పర్వతాల నడినెత్తిన, మధ్యాహ్నపు ఉరుములు రాకముందే దిగిపోవాల్సిన వేళ, రోజ్లిన్, ఆమె తమ్ముడు కర్టిస్ తల్లి చితాభస్మం డబ్బా పట్టుకుని తగువులాడుకుంటున్నారు.

“చెయ్యి తియ్యరా డబ్బా మీంచి!”

“తియ్యను. అమ్మని పడమటి పక్కే పొయ్యాలి. నాన్నని అటే పోశాను నేను.”

“అందుకేగా అటు వద్దంటున్నది!”

“పోయాక కూడా పంతాలేంటక్కా? మొగుడూ పెళ్ళాం...”

“ఏం మొగుడు? దవడ పగలగొట్టిన మొగుడు! నువ్వప్పుడు చంటివాడివి, నీకేం తెలుసు? మంచులో మనిద్దర్నీ ట్రక్కులో పడేసుకుని కనుమ దాటి పారిపోయొచ్చింది.”

“తాగినప్పుడే కదా ఆయన...”

“నోర్ముయ్! పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏమంది? ‘ఆ కొన మీద అటు పడ్డ చినుకు ఒక సముద్రానికి, ఇటు పడ్డది ఇంకో సముద్రానికి పోతుంది. ఆయన్ని పడమటికి పోశారుగా, నన్ను తూర్పుకి పొయ్యవే’ అంది. జన్మలో అదొక్కటే అడిగింది, కర్టిస్. అదొక్కటే!”

“అదుగో, ఉరుముతోంది. పిడుగు పడితే మనల్ని పొయ్యడానికి ఇంకెవరో ఎక్కాలి.”

“అయితే వదులు. వదలరా! ...వెళ్ళమ్మా, వెళ్ళు. ఇంక నీ వెనక ఎవరూ రారు.”

“పోసేశావా? రాక్షసివే నువ్వు!”

“రాక్షసినే. పద, దిగుదాం.”

“ఉండు, నాన్నకో మాట చెప్పొస్తా. ...రాళ్ళ కుప్ప ఏదీ?”

“ఏ రాళ్ళ కుప్ప?”

“ఆయన్ని పోసినచోట నడుమెత్తు పేర్చాగా. గాలికి కొట్టుకుపోడానికి అవేమైనా గులకరాళ్ళా?”

“ఇక్కడెప్పుడూ లేదే. ...ఒరేయ్, ఆ కింద తూర్పు పక్క గుట్ట మీద ఉంది, అదేనా?”

“అదే! అదేంటి, అక్కడుంది?”

“అది దొంగశిఖరంరా, మొద్దూ! కొత్తవాళ్ళంతా అదే కొన అనుకుని ఫోటోలు దిగిపోతారు. ఇక్కడే పెరిగి నువ్వు కూడానా?”

“ఆ రోజంతా మబ్బక్కా! చెయ్యి చాపితే చెయ్యి కనపళ్ళేదు. అవతల నేల దిగిపోతుంటే కొనే అనుకున్నా. పడమటి పక్కకే పోశాను, ఒట్టు!”

“దాని పడమటి పక్క నీళ్ళు ఎటు పోతాయి? చెప్పు, ఎటు పోతాయి?”

“ఈ కొండ దాటలేవుగా... తిరిగి తూర్పుకే. ఆ కింది సరస్సులోకి.”

“ఇప్పుడు అమ్మని పోసిన పక్క నీళ్ళో?”

“అవీ... ఆ సరస్సులోకే.”

“ఓరి నీ మబ్బు తగలెయ్య! పిల్లల్ని చంకనేసుకుని పారిపోయొచ్చిన మనిషిని, నా చేత్తో తీసుకెళ్ళి మళ్ళీ ఆయన గుమ్మంలోకి తోశాను కదరా!”